‘పంపాను’ అంటే ‘ముట్టింది’ అని అర్థమా?

అంబాజీపేటలో ఒక కొబ్బరి వర్తకుడికి లెక్కల ప్రోగ్రాం రాసిపెట్టానండీ. చెట్ల నుంచి దింపు అయ్యాక కాయల లెక్క, రేటు, లారీ నంబరు జేసన్ అనే, ప్రోగ్రాములు చదువుకునే రూపంలో కట్టి, కొనేవాళ్ళ వెబ్ సర్వీసుకి పోస్ట్ పద్ధతిలో (అవతలి కంప్యూటరుకి, అంటే సర్వర్‌కి, కొత్త వివరాలు అందించే వెబ్ పద్ధతి) పంపుతుంది. పని అవగానే తెర మీద ‘పంపబడింది’ అని వేశాను. ఆయన చూసి, “పంపారు సరే, ముట్టిందా?” అన్నారు.

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మా తాతగారి పాత రసీదుల్లో ‘పైకం ముట్టినది’ అని ఉండేది. ఇచ్చినవాడు ఇచ్చానంటే చాలదు, పుచ్చుకున్నవాడు ఒప్పుకుని రాయాలి. ‘ముట్టజెప్పు’ అన్న క్రియలోనూ అదే ఉంది: అవతలివాడి చేతికి చేరేదాకా మన బాధ్యత తీరదు. కోడ్‌లోనూ అంతే కదా! పంపడం మన వైపు పని, ముట్టడం సర్వర్ జవాబిస్తేనే తెలుస్తుంది. మొన్న నెట్ నెమ్మదించి టైమవుట్ వచ్చింది, అంటే గడువులోగా జవాబు రాలేదు. వెళ్ళలేదనుకుని మళ్ళీ పంపాను. ఒకే లోడు రెండుసార్లు నమోదైంది. మొదటిది ముట్టింది, జవాబే నాకు చేరలేదు.

ఒకరి జవాబు: మాస్టారూ, సర్వర్ జవాబుతో పాటు ఒక స్థితి నంబరు వస్తుంది. అది 201 అయితే ‘ముట్టింది’ అనండి, అక్కడ కొత్త నమోదు తయారైనట్టే. 202కి ఆ మాట వద్దు. తీసుకున్నారు, పని ఇంకా పూర్తి కాలేదు. దానికి ‘అందింది’ సరిపోతుంది. పోస్ట్‌ని మళ్ళీ పంపితే రెండో నమోదు పడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. లోడుకొక నంబరు వేసి పంపండి. అదే నంబరు మళ్ళీ వస్తే కొత్తగా రాయకుండా చూడమని అవతలివాళ్ళని అడగండి.

ఇంకొకరు: పోస్ట్‌కి ‘అప్పగింత’ అంటే ఎలా ఉంటుంది?

నేను: అప్పగింతలనగానే పెళ్ళిపందిరి, కన్నీళ్ళు గుర్తొస్తాయండీ. లారీ లెక్కకి ఆ మాట వాడటానికి నాకు మనసొప్పలేదు. పోస్ట్‌కి ‘పంపడం’ చాలు. ఇప్పుడు తెర మీద మూడు మాటలు వేశాను: పంపాం, అందింది, ముట్టింది. టైమవుట్ అయితే ‘పంపాం’ దగ్గరే నిలుస్తుంది. మన వివరాల్లో తప్పుంటే 400 వస్తుంది కదా, దానికి ‘తిరిగొచ్చింది’ అనుకుంటున్నాను. మీ ఊళ్ళో సరుకు వెనక్కొస్తే ఏమంటారో చెప్పండి.