రూమ్మేట్‌కి ఇలా జరిగింది, ఇంట్లోవాళ్లకి చెప్పాలా?

అందరికీ నమస్కారం. చదువుకోవడానికి ఈ మధ్యే ఈ దేశానికి వచ్చాను. నా రూమ్మేట్‌పై తెలిసినవాడే అత్యాచారం చేశాడట. వారం తర్వాత నాకు చెప్పింది. ఏడవడం లేదు, క్లాసులకు వెళ్తోంది, నవ్వుతోంది కూడా. అరవలేకపోయానంటోంది. పోలీసులంటే వద్దంటోంది. వాళ్ల అన్నయ్య నంబర్ నా దగ్గరుంది. ఫోన్ చేయనా?

జవాబు 1:
వద్దు చెల్లీ. ఆమె సరేనంటే తప్ప అన్నయ్యకే కాదు, ఎవరికీ చెప్పకు. ఆమె ఇష్టంతో పనిలేకుండా ఒకడు చేసిన ఘోరమది. ఇప్పుడు ఆమె మంచి కోసమే అంటూ మనమూ అడక్కుండా నిర్ణయాలు తీసుకుంటే, తన చేతిలో ఏమీ లేదన్న భావమే మళ్లీ బలపడుతుంది. పోలీసుల విషయమూ అంతే. దారులేమున్నాయో కనుక్కుని చెప్పు, ఎంచుకోవడం ఆమెకు వదిలెయ్.

అరవకపోవడం ఒప్పుకోవడం కాదు. భయం ముదిరితే ఒళ్లు బిగుసుకుపోతుంది, గొంతు పెగలదు. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల క్లినిక్‌కి వచ్చిన దాదాపు 300 మంది మహిళలపై చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. వాళ్లలో 70 శాతం మంది అలా బిగుసుకుపోయినవాళ్లే. ఈ సంగతి ఆమెకు చెప్పు. 'నేనెందుకు తిరగబడలేదు' అన్న ప్రశ్న మనిషిని లోలోపల తినేస్తుంది.

నవ్వుతోందని ఏమీ కాలేదనుకోకు. మనసు మొద్దుబారడం కూడా దెబ్బ తిన్న లక్షణమే. పీడకలలు రావచ్చు, ఏదో వాసన తగిలితే ఆ క్షణం మళ్లీ కళ్లముందుకు రావచ్చు, నీ మీద ఉత్తపుణ్యానికి విసుక్కోవచ్చు. జరిగింది వరసగా చెప్పలేకపోతే అబద్ధమని కాదు. గుచ్చి గుచ్చి అడక్కు. 'నిన్ను నమ్ముతున్నాను, తప్పు నీది కాదు' అంటే చాలు. చాలామందికి ఇవి మెల్లగా తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ, అంటే ఘోరం జరిగాక దాని నుంచి మనసు తేరుకోలేని జబ్బు, ఏమో డాక్టర్ చూడాలి. దానికి కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ (తప్పు నాదే లాంటి ఆలోచనల్ని మాటలతో సరిచేసేది), ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకం తీవ్రత తగ్గించేది) లాంటి మంచి చికిత్సలున్నాయి.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునని, ప్రాణానికి ముప్పనిపిస్తే మాత్రం ఆమె వద్దన్నా ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్.

జవాబు 2:
హెచ్‌ఐవీ రాకుండా వేసే మందు 72 గంటల్లోపు, గర్భం రాకుండా వేసే మాత్ర 5 రోజుల్లోపు మొదలవ్వాలి. ఆ గడువులు దాటాయి. అయినా గర్భం, లైంగిక వ్యాధుల పరీక్షలకు డాక్టర్ దగ్గరికి వెళ్లడం మంచిది. తోడు రమ్మంటే వెళ్లండి.

భాష ఇబ్బందైతే ఆసుపత్రి ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి. స్నేహితులతో, బంధువులతో ఆ పని చేయించొద్దు. ఇక్కడ మనవాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే కదా! ప్రొఫెసర్‌కి చెప్పే ముందు కూడా 'ఇది మీ దగ్గరే ఉంటుందా' అని అడగండి. కొన్ని యూనివర్సిటీల్లో వాళ్లు పై అధికారులకు తెలపక తప్పదు. ఇక వీసా టెన్షన్‌కి వాట్సాప్ గ్రూపులు పనికిరావు, ఇమిగ్రేషన్ లాయర్‌నే అడగాలి.

జవాబు 3:
అమ్మా, పోస్టులో అన్నయ్య, వారం అన్న వివరాలు తీసెయ్యి. ఈ గ్రూపులో ఎవరైనా ఆ అమ్మాయిని పోల్చుకోగలరు.

మొదట అడిగినవారు:
అడ్మిన్ గారికి రాశాను, తీసేస్తామన్నారు. ఫోన్ చేయను. కానీ అక్కా, అది విన్న దగ్గర్నుంచి నాకూ నిద్ర పట్టట్లేదు.

జవాబు 1:
పట్టదు మరి. నువ్వూ కౌన్సెలర్‌ని కలువు, ఆమె పేరు చెప్పక్కర్లేదు. రేపే అపాయింట్‌మెంట్ అడుగు.