కొండ మీద తోరా పఠనం: షబ్బాత్‌ను నిలుపుకోవడమా, వదులుకోవడమా?

రాకీ_కొండల_అమ్మ
నేను గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగాను, ఇప్పుడు కొలరాడోలో ఉంటున్నాను. నా భర్త యూదుడు. పెళ్లికి ముందే నేనూ ఆ మతాన్ని స్వీకరించాను. వచ్చే జూన్‌లో మా అమ్మాయికి 13 ఏళ్లు నిండుతాయి. మా పవిత్ర గ్రంథమైన తోరా ఆజ్ఞలకు ఇకపై తానే బాధ్యురాలినని పిల్ల అందరి ముందూ నిలబడి చెప్పే బాత్ మిట్స్వా వేడుకను అప్పుడు జరపాలి. దాన్ని మా ప్రార్థనా మందిరమైన సినగాగ్‌లో కాకుండా, శనివారం ఉదయం 5 కిలోమీటర్లు కొండెక్కి చేరుకునే ఒక సరస్సు ఒడ్డున, తోరా చుట్టను వెంట తీసుకువెళ్లి జరుపుకోవాలని అమ్మాయి పట్టుబడుతోంది. ఇది ఇక్కడ కొత్తేమీ కాదు. బౌల్డర్‌లో జేమీ కోర్న్‌గోల్డ్ అనే మహిళా రబ్బీ, అంటే యూదు మతగురువు, మంచు వాలుల మీద కూడా వారాంతపు విశ్రాంతి దినమైన షబ్బాత్ ప్రార్థనలు జరిపించారు. అయినా మా అత్తగారు మాత్రం అది షబ్బాత్ కాదు, విహారయాత్ర అంటున్నారు. తోరా దిగివచ్చింది ఎడారిలోని కొండ మీద అయినప్పుడు, దాన్ని కొండ మీద చదవడం తప్పెలా అవుతుందో నాకు అర్థం కావడం లేదు. తెలిసినవారు చెప్పగలరు.

జెరూసలేం_సంరక్షకుడు
చెల్లెమ్మా, మాది నిజామాబాద్ జిల్లా. 11 ఏళ్లుగా జెరూసలేంలో వృద్ధులను చూసుకునే పనిలో ఉన్నాను. నేను యూదుణ్ణి కాను గానీ, నిష్ఠగా షబ్బాత్ పాటించే ఒక పెద్దాయన ఇంట్లో తొమ్మిదేళ్లు ఉన్నాను. నేను చూసినంతలో షబ్బాత్ అంటే ఎక్కడికో వెళ్లడం కాదు, వెళ్లడం మానుకోవడం. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే దీపాలు వెలిగించాక పొయ్యి ముట్టరు, వాహనం ఎక్కరు, వీధిలో బరువు మోయరు. ఆరు రోజులు లోకాన్ని మనకు అనుకూలంగా మార్చుకుంటాం. ఏడో రోజు దాన్ని ముట్టకుండా వదిలేస్తాం. మీ పిల్ల కొండెక్కడం మంచిదే, కానీ ఆదివారం ఎక్కమనండి. పెద్దాయన ఇంకో మాట కూడా అనేవారు: మనుషులు తోరా దగ్గరికి వెళ్లాలే గాని, తోరాను మనుషుల వెంట తిప్పకూడదు.

తాళపత్రం
భావోద్వేగాలను పక్కనపెట్టి కొలత చూద్దాం. నిర్గమకాండం 16వ అధ్యాయంలో, ఏడవ దినాన ఎవడూ తన చోటు విడిచి వెళ్లకూడదని ఉంది. ఆ చోటు ఎంతవరకు అన్నదానికి రబ్బీలు పెట్టిన హద్దు ఊరి పొలిమేర నుంచి 2,000 మూరలు, అంటే సుమారు ఒక కిలోమీటరు. అయిదు కిలోమీటర్ల దారి ఆ హద్దును ఎన్నో రెట్లు దాటుతుంది. శుక్రవారం నాడే హద్దు దగ్గర భోజనం పెట్టి వచ్చి, దాన్నే తమ చోటుగా ఎంచుకునే పద్ధతి ఒకటుంది కానీ, దాని వల్ల ఆ దిక్కున మరో 2,000 మూరలే కలుస్తాయి. కాబట్టి శనివారం ఉదయం బయలుదేరితే ఏ లెక్కా కుదరదు.

నల్లమల_నడక
అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్లేవారిని అది విహారయాత్ర అని ఎవరూ అనరు కదా! కాళ్లు నొప్పులు పుట్టే దారి కూడా ప్రార్థనే.

రాకీ_కొండల_అమ్మ
నల్లమల గారూ, మీరన్నది యూదుల విషయంలో అక్షరాలా నిజం. జెరూసలేంలో యూదుల ప్రాచీన మందిరం ఉన్న రోజుల్లో ఏటా మూడు పండుగలకు ఆ కొండకు నడిచి వెళ్లేవారు. హీబ్రూలో ఆ పండుగలను పిలిచే మాటకు అర్థమే పాదం. సంరక్షకుడు గారు చెప్పే నాలుగు గోడల షబ్బాత్ ఒక్కటే సంప్రదాయం కాదు. 16వ శతాబ్దంలో, ఇప్పటి ఇజ్రాయెల్‌లోని సఫేద్ పట్టణపు జ్ఞానులు శుక్రవారం సాయంత్రం పొలాల్లోకి వెళ్లి షబ్బాత్‌ను రాణిలా ఎదుర్కొని తెచ్చుకునేవారు. ఈనాటికీ సినగాగ్‌లలో స్వాగత గీతం చివరి చరణానికి అందరూ గుమ్మం వైపు తిరిగి నిలబడేది ఆ జ్ఞాపకంతోనే. బ్రాత్స్లావ్ రబ్బీ నఖ్‌మాన్ రోజుకొక గంట ఒంటరిగా, వీలైతే పొలాల్లో, అడవుల్లో, తన సొంత భాషలో దేవుడితో మాట్లాడమన్నారు. కొండలను, సముద్రాలను, ఎడారులను చూసినప్పుడు సృష్టికర్తను స్తుతించే వాక్యం, ప్రాచీన రబ్బీల ధర్మసంకలనమైన మిష్నాలోనే ఉంది. కొండను చూడకుండా ఆ వాక్యం ఎలా పలుకుతారు?

జెరూసలేం_సంరక్షకుడు
అదే సంప్రదాయంలో, దారిన నడుస్తూ తోరా చదువుకునేవాడు మధ్యలో ఆపి, ఈ చెట్టు ఎంత బాగుంది అంటే తన ప్రాణానికి తానే అపరాధి అయినట్టని కూడా ఉంది. పెద్దాయన ఆ వాక్యాన్ని నాకు వివరించారు. చెట్టును మెచ్చుకోవడం తప్పు కాదట. చెట్టు వేరు, చదువు వేరు అనుకుని చదువును ఆపడమే తప్పట. సఫేద్ వారు పొలానికి వెళ్లి, రాణిని వెంటబెట్టుకుని ఊళ్లోకి తిరిగి వచ్చారు. నఖ్‌మాన్ శిష్యులు ఒంటరి గంట ముగిశాక పదిమందితో కలిసి ప్రార్థనకు నిలబడ్డారు. మీరు తిరిగి రావడం గురించి ఒక్క మాటా రాయలేదు.

తాళపత్రం
సమస్యకు పరిష్కారం దొరికింది. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే అందరూ సరస్సు చేరి గుడారాలు వేసుకుంటే, ఆ మకామే వారి చోటు అవుతుంది. 2,000 మూరలను అక్కడి నుంచి లెక్కించాలి, కాబట్టి నడక చిక్కు పోతుంది. తోరా చుట్టను పదేపదే చదివేలా ముందే అక్కడ ఏర్పాటు చేసుకుంటే, దాన్ని తిప్పారన్న అభ్యంతరమూ తగ్గుతుంది. ఇక వస్తువుల మోత. బయట మకాం వేసిన బిడారు గురించి మిష్నాలోని ఎరువిన్ భాగం స్పష్టంగా చెబుతుంది. పశువుల జీనులతో పది బెత్తెల ఎత్తున చుట్టూ కంచె కడితే లోపల వస్తువులు మోయవచ్చు. లేదా మూడు తాళ్లను ఒకదానిపై ఒకటి, మధ్య ఖాళీ మూడు బెత్తెలకు చేరకుండా కట్టినా చాలు. అంటే ప్రాచీన రబ్బీలు ఆరుబయట గడిపే షబ్బాత్‌ను ముందే ఊహించి దారి చూపారు. ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

కృష్ణాతీరం
అత్తగారి వయసెంతో ఎవరూ అడగలేదు.

రాకీ_కొండల_అమ్మ
78. ఆ సరస్సు సుమారు 3,000 మీటర్ల ఎత్తులో ఉంది. ఆవిడకు ఆయాసం ఉంది.

జెరూసలేం_సంరక్షకుడు
అయితే ఇంతసేపూ మనం మూరలు, బెత్తెలు ఎందుకు కొలిచాం? మనవరాలు తోరా ముందు నిలబడే రోజున నాయనమ్మ రాలేని చోటును మీరు ఎంచుకున్నారు. ఆవిడ విహారయాత్ర అన్నది అందుకే కావచ్చు. ఆ మాట చెప్పలేక వేరే మాట చెప్పి ఉంటారు.

రాకీ_కొండల_అమ్మ
ఎవరింటి విషయం గురించి మీరు తీర్పు చెబుతున్నారో ఆలోచించండి. సినగాగ్ గుమ్మం దగ్గర నాకు ఏం జరిగిందో మీకు తెలియదు. మతం స్వీకరించిన మొదటి ఏడాది, కొత్త సంవత్సరపు ప్రార్థనలకు భర్త కంటే పది నిమిషాలు ముందు వెళ్లాను. కాపలా మనిషి నా చీరను, నా రంగును చూసి, మీరు ఎవరి ఇంట్లో పనిచేస్తారని అడిగాడు. లోపల కూర్చున్నాక ఒక పెద్దావిడ మీరు పుట్టుకతో యూదులేనా అని అడిగారు. మతం మారినవారికి వారి గతాన్ని గుర్తుచేయకూడదని తోరా పండితులే నియమం పెట్టారని అప్పటికే నేను చదువుకున్నాను. ఇప్పుడు మా అమ్మాయిని బడిలో, వేసవి శిబిరంలో, ఆఖరికి సినగాగ్‌లో కూడా, నువ్వు నిజంగా యూదురాలివేనా అని పిల్లలు అడుగుతారు. కొండ మీద తనను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. మొదటిసారి ఎత్తయిన కనుమ చేరినప్పుడు ఎవరూ చెప్పకుండానే సృష్టికర్త స్తుతిని హీబ్రూలో పలికింది. నా కూతురు వెళ్తున్నది మతం నుంచి పారిపోవడానికి కాదు, మతంలో తనకు నిలబడే చోటు అక్కడ దొరికింది కాబట్టి. మీరు యూదులు కారు, ఈ గాయం మీకు అర్థం కాదు.

జెరూసలేం_సంరక్షకుడు
అవును మేడమ్, యూదుణ్ణి కాను. మీరు ఎవరి ఇంట్లో పనిచేస్తారన్న ప్రశ్న మిమ్మల్ని ఒక్కసారి అడిగారు. దానికి జవాబు చెబుతూ నేను 11 ఏళ్లు బతికాను. గుమ్మం బయట నిలబడటం నాకు బాగా అర్థమవుతుంది. మీకు తెలియనిది నేను చెబుతాను.

పెద్దాయనకు ఇద్దరు కొడుకులు. ఇద్దరూ నడకను ప్రేమించేవారు. దాన్ దగ్గర నుంచి ఏలాత్ దాకా 1,000 కిలోమీటర్లకు పైగా సాగే ఇజ్రాయెల్ జాతీయ బాటను వారాంతాల్లో ముక్కముక్కలుగా పూర్తి చేశారు. హెర్మోన్ కొండ మంచుకు తెలుపు, ఎడారికి నారింజ, సముద్రానికి నీలం అని దారి పొడవునా రాళ్ల మీద ఉండే మూడు రంగుల గీతల ఫొటోలు నాన్నకు పంపేవారు. శుక్రవారం మధ్యాహ్నమే కారులో బయలుదేరేవారు. దేవుడు మాకు ఎడారిలోనే దొరుకుతాడు నాన్నా అని నా ఎదుటే అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ శుక్రవారం రాత్రి బల్ల దగ్గర ద్రాక్షారసం గిన్నె ఎత్తి ఆయన ఆశీర్వాదం పలికినప్పుడు ఆమెన్ అనడానికి నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి. జెరూసలేం నగరం చుట్టూ స్తంభాలు, తీగలతో కట్టిన ఎరూవ్, అంటే షబ్బాత్ నాడు లోపల వస్తువులు మోయడానికి వీలిచ్చే హద్దు, ఉంది కాబట్టి శనివారం చక్రాల కుర్చీలో సినగాగ్‌కు తీసుకువెళ్లేవాణ్ణి. అందరూ కలిసి చేసే ప్రార్థనకు పదిమంది యూదు పురుషులు ఉండాలి, ఒక్కోసారి అక్కడ తొమ్మిదిమందే ఉండేవారు. పదో మనిషి కోసం అందరూ తలుపు వైపు చూసేవారు. పక్కనే ఉన్న నన్ను లెక్కలోకి తీసుకోవడానికి వీల్లేదు. ఆ చూపు చూశాక, ఒంటరిగా దేవుణ్ణి కలుసుకుంటామనే మాట నా చెవికి ఎక్కదు.

తాళపత్రం
నగరపు తీగల ఎరూవ్ ద్వారబంధం నియమం కిందికి వస్తుంది. నేను చెప్పిన తాళ్ల కంచె నియమం వేరు. రెండింటినీ కలపవద్దని మనవి.

కృష్ణాతీరం
తాళపత్రం గారూ, దయచేసి ఇప్పుడు వద్దు.

రాకీ_కొండల_అమ్మ
అన్నగారూ, మీ మాటలను రాత్రి అమ్మాయికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ సినగాగ్ తలుపు తీసి ఉండేదా, అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. కొండ ఆలోచనను తను వదులుకోలేదు, నేనూ వదులుకోమనలేదు. నాయనమ్మ గుమ్మం దాకానైనా రాగలిగే చోట, మా సినగాగ్ వెనక తోటలో, తోరా చదువుదామా అని ఒకసారి అంది. మళ్లీ వెంటనే వద్దంది. ఇంకా ఏదీ తేలలేదు. ఈ ఉదయం మా అత్తగారికి ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ కొండ గురించి ఏమీ అనలేదు. ఆ పెద్దాయన పేరు, ఆయన తండ్రి పేరు అడగమన్నారు. చనిపోయినవారి కోసం చేసే ప్రార్థనలో ఆ రెండు పేర్లూ కలిపి పలకాలట.

జెరూసలేం_సంరక్షకుడు
చెల్లెమ్మా, తలుపు తీసే ఉండేది. వేసవిలో గాలి కోసం, చలికాలంలో ఆ పదో మనిషి కోసం.

పేర్లు ఇక్కడ రాయను, మీకు విడిగా పంపుతాను. ఆయన పోయింది వాళ్ల హెష్వాన్ నెలలో, వానలు మొదలైన వారంలో. తండ్రి పేరు నాకు తెలుసు. ప్రతి శనివారం ఆయన్ని తోరా దగ్గరికి పిలిచేటప్పుడు విన్నాను.