ఋగ్వేదంలో గుడి లేదట, మరి మన పూజ ఎక్కడ మొదలైంది?

పెరంబూరు కోడలు:

అందరికీ నమస్కారం. మాది చెన్నై, పెరంబూరు. మా మావయ్యగారు రోజూ స్నానం కాగానే రుద్రం చదువుతూ లింగానికి నీళ్ళు పోస్తారు. మావాడు పదో తరగతి. మొన్న ఆయన్ని పట్టుకుని "తాతా, ఋగ్వేదంలో అసలు గుడి ఉందా? అందులో పెద్ద దేవుడు ఇంద్రుడట కదా, మరి ఆయన గుడి ఏదీ?" అన్నాడు. ఆయన "అన్నీ వేదంలోనే ఉన్నాయిరా" అనేసి పేపరు చాటుకి వెళ్ళిపోయారు. వాడిప్పుడు నా వెంట పడ్డాడు. నేను చదివింది బీకాం. యూట్యూబులో ఒకాయన శివుడు మొహెంజొదారోలోనే ఉన్నాడంటాడు, ఇంకొకాయన గుప్తుల కాలం దాకా ఏమీ లేదంటాడు. కింద కామెంట్లు చదవలేం. ఇక్కడైనా కొట్టుకోకుండా చెబుతారా?

ఏర్పేడు గేటు:

తాతా మనవడూ ఇద్దరి మాటలోనూ పస ఉందమ్మా. ఋగ్వేదంలో 1028 సూక్తాలుంటే దాదాపు నాలుగోవంతు ఇంద్రుడివే. సోముడికైతే తొమ్మిదో మండలం మొత్తం రాసిచ్చేశారు. విష్ణువుకి పట్టుమని పది లేవు. రుద్రుడికి పూర్తిగా దక్కినవి మూడు. అవైనా బతిమాలుకోవడమే: మా పిల్లల్ని, మా ఆవుల్ని, గుర్రాల్ని ఏమీ చెయ్యకు స్వామీ అని. మీ మావయ్యగారు రోజూ చదివే "మా నస్తోకే తనయే" అదే. ఋగ్వేదం మొదటి మండలం, 114వ సూక్తంలో ఉంది.

ఆయన చదివే రుద్రం మాత్రం యజుర్వేదంలోది. అక్కడికొచ్చేసరికి రుద్రుడి పరివారం చూడండి. వడ్రంగులకి నమస్కారం, కుమ్మరులకి నమస్కారం, కమ్మరులకి, కుక్కల్ని పట్టుకుని తిరిగే వేటగాళ్ళకి నమస్కారం. దొంగల నాయకుడు కూడా ఆయనే! "నమః శివాయ" అన్న మాట ఉన్నదీ అందులోనే. యాగశాల బయట ఉన్న జనమంతా రుద్రుడి వెనకాల లోపలికి వచ్చేశారని నాకనిపిస్తుంది.

గుడి లేని మాట నిజం. యజ్ఞానికి స్థలం చూసుకుని, ఇటుకలు పేర్చి వేదిక కట్టి, పని అయ్యాక లేచిపోయేవాళ్ళు. తర్వాత ఉపనిషత్తుల్లో ఆ యజ్ఞాల మీదే అనుమానం వచ్చింది. ముండకోపనిషత్తు వాటిని గట్టిదనం లేని పడవలంది. అలాగని యజ్ఞాలు ఆగాయా అంటే, లేదు. పుణె జిల్లాలోని నాణేఘాట్ కనుమలో క్రీ.పూ. 1వ శతాబ్దపు శాతవాహన శాసనం ఉంది. రాణి నాగనికదని చెబుతారు. అశ్వమేధం, రాజసూయం, వాటికిచ్చిన ఆవులు, కార్షాపణాలు (ఆనాటి నాణేలు) అన్నీ లెక్క రాయించింది. కానీ శాసనం మొదట్లో దండం పెట్టిన దేవుళ్ళలో ఇంద్రుడితో పాటు సంకర్షణ వాసుదేవులు ఉన్నారు. అంటే బలరామకృష్ణులు. ఈ మార్పు ఎప్పుడు జరిగిందని ఎవరైనా అడిగితే నేను ముందు చూపించేది ఆ రాయే. పాతదాన్ని గెంటెయ్యలేదు, కొత్తవాళ్ళని పక్కన కూర్చోబెట్టారు. అంతకు కొంచెం ముందే విదిశలో హెలియోడోరస్ అనే గ్రీకు దూత వాసుదేవుడికి గరుడస్తంభం నిలబెట్టాడు.

ఇక మా ఊరి పక్క, తిరుపతి దగ్గరి గుడిమల్లం. నేను కొళత్తూరులో కాపురమున్నా ఊరెళ్ళినప్పుడల్లా అటు పోయొస్తా. గర్భగుడి పల్లంలో ఉంటుంది, మెట్లు దిగాలి. అయిదడుగుల లింగం, దాని ముందువైపు నిలబడ్డ మనిషి. కుడిచేత్తో పొట్టేలుని వెనక కాళ్ళు పట్టి వేలాడదీశాడు, ఎడమచేతిలో చిన్న కుండ, భుజం మీద గొడ్డలి. తలపాగా ఉంది, జంధ్యం లేదు. కాళ్ళ కింద ఒక మరుగుజ్జు. క్రీ.పూ. 2, 1 శతాబ్దాల పని అని ఎక్కువమంది అంటారు, ఇంకా తర్వాతదనేవాళ్ళూ ఉన్నారు. ఎక్కువమంది లెక్క ప్రకారం గుప్తుల కంటే ముందుదే. ఇప్పటికీ రోజూ పూజ జరుగుతోంది. ఆ రెండో యూట్యూబు ఆయన్ని ఒకసారి రేణిగుంట బండెక్కించండి!

పల్లావరం టీచర్:

మొదటి యూట్యూబు ఆయన సంగతి నేను చెబుతాను. మొహెంజొదారోలో దొరికిన ముద్ర మీద కొమ్ముల కిరీటంతో ఒకరు కూర్చుని ఉంటారు. చుట్టూ ఏనుగు, పులి, ఖడ్గమృగం, దున్న. దాన్ని శివుడి తొలిరూపమన్నది జాన్ మార్షల్, 1931లో. అప్పట్నుంచీ పుస్తకాల్లో పశుపతి ముద్ర అనే వేస్తున్నారు. దాని మీది లిపిని ఇంతవరకూ ఎవరూ ఒప్పుకునేలా చదవలేదు. చదవని ముద్రకి పేరు పెట్టి పూజ చేసేస్తే ఎలాగండీ? అక్కడి కొన్ని నమ్మకాలు తర్వాత కలిసి ఉండొచ్చు. అంతవరకే నేను పిల్లలకి చెబుతాను.

పెరంబూరు కోడలు:

ఇద్దరికీ చాలా థాంక్సండీ. రుద్రంలో కుమ్మరులూ వడ్రంగులూ ఉన్నారని మావయ్యగారితో అంటే, మావాడిని పిలిచి ఆ అనువాకం (రుద్రంలోని ఆ భాగం) చదివి వినిపించారు. మరి ఇంద్రుడేమయ్యాడు?

ఏర్పేడు గేటు:

ఇంద్రుడిది రిటైరైన హెడ్మాస్టరు పరిస్థితి అమ్మా, ప్రతి శుభకార్యానికీ పిలుపు ఉంటుంది, పెత్తనం మాత్రం లేదు. క్రీ.పూ. 14వ శతాబ్దంలో ఇప్పటి టర్కీ గడ్డ మీద హిట్టైట్లు, మితన్ని రాజులు రాసుకున్న ఒప్పందానికి మిత్రుడు, వరుణుడు, నాసత్యులతో (అశ్వినీదేవతలతో) పాటు ఆయనా సాక్షి. తర్వాత కథల్లో గోవర్ధనం దగ్గర కృష్ణుడి చేతిలో పరువు పోయింది. చివరికి దిక్పాలకుల్లో ఒకడయ్యాడు. మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతమైతే మండపంలో తూర్పున ఆవాహన చేసేది ఆయన్నే.

పల్లావరం టీచర్:

అంతా ఉత్తరాది నుంచే దిగిందనుకోకండి. ఇక్కడ తొల్కాప్పియం అనే పాత తమిళ వ్యాకరణ గ్రంథంలో ఒక్కో నేలకి ఒక్కో దేవుడు: కొండలకి సేయోన్, అడవికి మాయోన్, పొలాలకి వేందన్, కడలి ఒడ్డుకి వరుణన్. సేయోన్ మురుగన్ (మన సుబ్రహ్మణ్యస్వామి) అయ్యాడు, మాయోన్ విష్ణువుతో కలిసిపోయాడు. వేందన్‌ని ఇంద్రుడంటారు. మీవాడికి కంటితో చూపించాలంటే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురానికి కాస్త ముందే సాలువన్‌కుప్పం ఉంది. సునామీకి ఇసుక కొట్టుకుపోయి శాసనాలు బయటపడితే, 2005లో తవ్వారు. పల్లవుల నాటి మురుగన్ గుడి, దాని కింద అంతకంటే పాత ఇటుకల గుడి, ఒక రాతి వేల్ (మురుగన్ చేతి బల్లెం) దొరికాయి. కింది గుడి సంగం కాలంనాటిదని, అంటే తొలి తమిళ సాహిత్యం నాటిదని, తవ్వినవాళ్ళ మాట. పొద్దున్నే వెళ్ళండి, అక్కడ నీడ ఉండదు.