సమస్య: “పదును పెట్టఁ గత్తి పాడు సుమ్ము”

నెల్లూరు (నిర్వహణ): ఆటవెలది నాలుగో పాదం ఇది; మొదటి మూడు పాదాలు ఒక్కో ఊరివారు పూరించాలి. కత్తి అంటే గడ్డి కోసే రోబో కింద, తిరిగే పళ్లేనికి వదులుగా బిగించిన మూడు బ్లేళ్లలో ఒకటి. పెట్రోలు మిషను ఇనప బద్దని ఆకురాయితో రుద్దుకోవచ్చు, దాని సంగతి వేరు. పూరణలో కారణం కనపడాలి.

కావలి:
పలుచనైన రేకు బరువు తగ్గినయెడ
చక్ర మదరు, మరలు సడలిపోవు;
మూడు నొక్కమారె మొత్తము మార్చుము;
పదును పెట్టఁ గత్తి పాడు సుమ్ము!

నెల్లూరు: గణాలు, యతులు సరిపోయాయి. మిల్లీమీటరు మందం కూడా లేని రేకు, నిమిషానికి 2,000 చుట్లు దాటి తిరుగుతుంది. ఒకదాన్ని సానబడితే తూకం చెడుతుంది. రెండు పాతవాటి పక్కన ఒక కొత్తది పెట్టినా అదే అదురు. మరలు (స్క్రూలు) కూడా కొత్తవే వేయాలి, పాతవాటి మెడ బ్లేడు రాపిడికి అరిగి ఉంటుంది. బ్లేళ్లు మామూలుగా 4 నుంచి 7 వారాలు వస్తాయి. రెండంచులున్న రకమైతే ముందు తిప్పి వేసుకోండి.

ఒంగోలు:
చీమకుర్తి రాయి చిఱుముక్క తగులఁగ
నంచు గంటుపడిన నరగఁదీసి
సానఁబట్ట వలదు; సగమున విరుగును;
పదును పెట్టఁ గత్తి పాడు సుమ్ము!

నెల్లూరు: చీమకుర్తి బాగా అతికింది, బాట పక్కన పోసిన గ్రానైటు ముక్కలే ఈ బ్లేళ్లకి శత్రువులు. అయితే “సానఁబట్ట వలదు” అన్నాక నాలుగో పాదం కొత్తగా చెప్పేదేముందన్నా? పునరుక్తి.

కొత్తపట్నం:
ఉప్పుగాలి సోకి యూగవు కత్తులు;
తుప్పు పట్టె మరల తొర్రలందు;
నీళ్ల పైపు పెట్టి కడుగుము వెంటనే;
పదును పెట్టఁ గత్తి పాడు సుమ్ము!

నెల్లూరు: మూడో పాదంలో ‘నీ’కి ‘క’తో యతి కుదరదు. విషయమూ కుదరదు: జోరుగా నీళ్లు కొడితే సీలు దాటి బేరింగులోకి పోతాయి. “కుంచెతోడ దులిపి కుదురుగఁ దుడువుము” అనండి, రెండూ తీరతాయి. మెయిన్ స్విచ్ ఆపి, చేతులకి గ్లౌజులేసుకుని, మెత్తటి గుడ్డ మీద బోర్లించాకే దులపడం. ఈశాన్య వానల్లో తడి గడ్డి ముద్దకట్టి పళ్లేనికి పట్టుకుంటుంది, అప్పుడు ఇంకా తరచుగా. ఇంతకీ తుప్పుకీ సానకీ లంకె ఏది?

కొత్తపట్నం: దిద్దుకున్నానయ్యా. లంకె ఉంది. కీలు బిగుసుకుంటే బ్లేడు ఊగదు, గడ్డి తెగకుండా చీలి కొనలు పసుపుపచ్చగా మారతాయి. చూసినోళ్లు మొద్దుబారిందనుకుని రాయి పడతారు. మర విప్పి, తొర్ర శుభ్రం చేసి, వేలితో తోస్తే తేలిగ్గా తిరగాలి. తిరక్కపోతే సెట్టు మార్చడమే.

నెల్లూరు: ఒప్పుకున్నాం. ‘మరల’కి రెండర్థాలూ పట్టాయి: స్క్రూల తొర్రలు, మళ్లీ మళ్లీ పట్టే తుప్పు. సముద్రపు ఒడ్డున రెండోదే ఎక్కువ నిజం.