పన్నెండేళ్ల అమ్మాయికి మాయాలోకపు నవలలు: ఏవి ఇవ్వవచ్చు?

అందరికీ వందనాలు. మాది గుంటూరు. మా అమ్మాయికి పన్నెండేళ్లు, ఇంగ్లీషు నవలలు బాగా చదువుతుంది. సి. ఎస్. లూయిస్ రాయగా 1950–56 మధ్య వెలువడిన నార్నియా పుస్తకాలు ఏడూ పూర్తి చేసింది. ద్రోహం చేసిన పిల్లవాడి కోసం అస్లాన్ అనే సింహం ప్రాణమిచ్చి తిరిగి లేచిన ఘట్టం చదివి, ఇది యేసయ్య కథలా ఉందని తనంతట తానే అంది. నాకెంత సంతోషం కలిగిందో!

ఇప్పుడు అలాంటివే ఇంకా కావాలంటోంది. బైబిల్లో ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం మంత్రతంత్రాలను హేయమంటుంది కాబట్టి మా సంఘంలో కొందరు ఇటువంటివేవీ వద్దంటారు. వారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే మంత్రగత్తె కనిపించిన ప్రతి కథా చెడ్డదని కూడా అనుకోను. ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తోంది, దాన్ని ఆశించినవాడు చివరికి ఏమవుతాడు అన్నదే నాకు ముఖ్యం. గొప్ప శక్తి ఉన్న ఉంగరాన్ని వాడుకోవడం కాదు, నాశనం చేయడమే లక్ష్యమైన టోల్కీన్ నవల ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ అందుకే నచ్చింది. కానీ యుద్ధాలూ, నిడివీ చూస్తే ఈ వయసుకు తొందరేమో?

పిల్లలతో ఇలాంటివి చదివించినవారు దయచేసి పేర్లు చెప్పండి. తెలుగులో ఉంటే మరీ మేలు, వాళ్ల నాయనమ్మ కూడా చదువుతారు. విజయవాడ ఏలూరు రోడ్డు దుకాణాల్లో దొరికేవైతే ఈ వారమే వెళ్లి తెస్తాను.