పాస్‌పోర్టు వచ్చే పూట ఎలా తెలుసుకోవాలి?

మాది కోనసీమలో లంక గ్రామం. అమ్మాయి పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో బయలుదేరింది. చివర ‘ఐఎన్’ ఉండే 13 అక్షరాల నంబరుతో చూస్తే అమలాపురం చేరినట్టు ఉంది. మా ఊరి బ్రాంచి పోస్టాఫీసు తెరిచేదే రోజుకు కొద్ది గంటలు. నిన్న వెళితే తలుపుకు తాళం; ఎర్ర డబ్బా నీడలో కుక్క మాత్రం హాయిగా నిద్రపోతోంది. టపా సంచి వచ్చాకే పంపిణీ అంటారు, ఆ సంచి రేవు దాటి రావాలి మరి!

అసలు చిక్కు వేరే. పాస్‌పోర్టు దరఖాస్తు చేసినవారి చేతికే ఇస్తారు. అమ్మాయి కాకినాడ హాస్టల్లో ఉంది, ఆదివారమే ఇంటికి రాగలదు. ఆ రోజు పోస్టాఫీసుకు సెలవు. సోమవారం దాకా తిప్పి పంపకుండా ఉంచమని ఎవరిని అడగాలి? మా పోస్టుమ్యాన్‌నా, అమలాపురం వెళ్లి పోస్టుమాస్టరు గారినా? ఉత్తరం రాసివ్వాలా? ఇలా చేసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.