తొమ్మిది గేర్ల ట్రైలర్: లోడుతో వంతెన ఎక్కుతూ గేరు దించడం ఎలా?

ముమ్మిడివరం కుర్రవాడు:
పెద్దలందరికీ నమస్కారం. కాకినాడ రేవుకు బియ్యం తోలే ట్రైలర్ మీద రెండో డ్రైవరుగా ఈమధ్యే కుదిరాను. అంతకుముందు చిన్న వ్యాను నడిపేవాణ్ణి. గేర్లు పెంచుకుంటూ పోవడం అలవాటైంది గాని, దించే దగ్గరే చెయ్యి తడబడుతోంది. ఎదుర్లంక వంతెన ఎక్కుతుండగా ఏడు నుంచి ఆరుకు దింపబోతే గర్రుమంటుంది. మళ్ళీ ప్రయత్నించేలోగా బండి వేగం పడిపోయి ఐదు కూడా పట్టదు. ఇంకో రెండు సందేహాలు ఉన్నాయి. కింది గేర్ల వరస నుంచి పై గేర్ల వరసకు మార్చే హై-లో మీట గేరు రాడ్డు మీద ఉంది కదా, దాన్ని సరిగ్గా ఎప్పుడు మార్చాలి? ఖాళీ బండితో సాధన చేసుకోవడానికి మన వైపు ఏ దారి మంచిది?

పాతలారీ, రాజోలు:
తమ్ముడూ, మీ తరానికి క్లచ్ ఒక్కసారి తొక్కడమే తెలుసు. మేము నేర్చుకున్న లారీల్లో గేర్ల వేగాలను కలిపే సింక్రో రింగులు లేవు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి. క్లచ్ వదిలేసి, న్యూట్రల్‌లోనే యాక్సిలేటరు నొక్కి ఇంజను వేగం పెంచాలి. మళ్ళీ క్లచ్ తొక్కి కింది గేరు వేయాలి. పై గేరుకైతే ఇంజను వేగం దిగేదాకా ఆగితే చాలు. ఈ డబుల్ క్లచ్ రానివాణ్ణి నేను డ్రైవరు అనను, స్టీరింగ్ పట్టుకున్న క్లీనరు అంటాను.

తణుకు గ్యారేజీ:
పాతలారీ గారూ, మీ అనుభవాన్ని కాదనను గాని, మీరు చెప్పినది ఈ అబ్బాయి బండికి వర్తించదు. ఇప్పటి తొమ్మిది గేర్ల బాక్సుల్లో సింక్రో రింగులు ఉంటాయి, రెండు వైపుల వేగాలను సమం చేసే పని అవే చేస్తాయి. రాడ్డును గేరు వైపు నెమ్మదిగా ఒత్తి పట్టుకుంటే ఆ పని పూర్తి కాగానే గేరు దానంతట అదే పడుతుంది; గుద్దితే రింగు అరుగుతుంది. గర్రుమంటోందంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదేమో, క్లచ్ ఆయిల్ తగ్గిందేమో ముందు చూపించుకోవాలి. మరో మాట: గేరు రాడ్డు మీద చెయ్యి ఆనించి ప్రయాణం చేయకండి, లోపల గేరును జరిపే ఫోర్కు అరిగిపోతుంది. నా దగ్గర విప్పిన బాక్సుల్లో సగం రోగం అదే.

పాతలారీ, రాజోలు:
రింగులు అరిగిన బండి చేతికి వస్తే అప్పుడేం చేస్తాడండీ? మీ గ్యారేజీ ముందు వరసలో నిలబడతాడా? యజమానులు రింగులు మార్పించే రోజులు ఎప్పుడో పోయాయి.

తణుకు గ్యారేజీ:
అరిగిన బాక్సుకు డబుల్ క్లచ్ పనికొస్తుందని నేనూ ఒప్పుకుంటాను. బాగున్న బాక్సుకు అది నేర్పి, వంతెన మీద లోడుతో రెండుసార్లు క్లచ్ తొక్కమంటే, ఆ న్యూట్రల్ క్షణంలోనే బండి వేగం ఊడిపోతుంది. ఈ అబ్బాయి బాధే అది కదా!

డాలస్ పాలకొల్లు:
మీరిద్దరూ క్లచ్ గురించి ఎందుకు తగువు పడుతున్నారో నాకు అర్థం కావడం లేదు. నేను ఇక్కడ అమెరికాలో పదమూడు గేర్ల ట్రక్కు నడుపుతాను. ఈ బాక్సుల్లో ప్రధాన గేర్లకు సింక్రోలు ఉండవు. కదిలాక ఇంజను వేగాన్ని చెవితోనే కలిపి, క్లచ్ ముట్టకుండా గేర్లు మారుస్తాం. క్లచ్‌ను నేలదాకా తొక్కేది ఆగి ఉన్నప్పుడే, ఎందుకంటే ఆ చివరన, గేరుబాక్సు షాఫ్టును తిరగకుండా ఆపే క్లచ్ బ్రేకు పడుతుంది. ఆటోమేటిక్ బండితో పరీక్ష ఇచ్చినవారి వాణిజ్య లైసెన్సు మీద ఇక్కడ ‘ఇ’ అనే ఆంక్ష పెడతారు, వారు మాన్యువల్ ట్రక్కు నడపకూడదు. నిజమైన డ్రైవింగ్ అంటే ఏమిటో ఇక్కడికి వస్తే తెలుస్తుంది.

తణుకు గ్యారేజీ:
దయచేసి ఆ విద్య ఇక్కడి పిల్లలకు నేర్పకండి. క్లచ్ లేకుండా సింక్రో బాక్సులో గేరు లాగితే ఆ భారమంతా రింగుల మీదే పడుతుంది.

రావులపాలెం అరటి:
ఎక్కడం సంగతి అందరూ చెబుతున్నారు, దిగడం గురించి ఎవరూ చెప్పరేం? గోదావరి మీది సిద్ధాంతం వంతెన దిగేటప్పుడు నేను న్యూట్రల్‌లో వదిలేస్తాను, డీజిలు మిగులుతుంది.

పాతలారీ, రాజోలు:
అయ్యా, ఇలాంటి మాటలు కొత్తవాళ్ళు చదివే చోట రాయకండి. గేరులో ఉండి యాక్సిలేటరు వదిలితే ఇంజనుకు డీజిలు పోవడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజను ఆగకుండా తిరగడానికి డీజిలు కాలుతూనే ఉంటుంది. పైగా పొగ గొట్టాన్ని మూసి ఇంజనుతోనే బండి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు పనిచేయదు, భారమంతా చక్రాల బ్రేకుల మీదే పడుతుంది. ఎదురుగా గడ్డి మోపు బండి వస్తే అప్పుడు గేరు వెతుక్కుంటారా?

రావులపాలెం అరటి:
మా నాన్న కాలం నుంచీ అలాగే నడుపుతున్నాం, ఏమీ కాలేదు.

తణుకు గ్యారేజీ:
ఈ ఒక్క విషయంలో పాతలారీ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

లారీ యజమానురాలు, భీమవరం:
మీ వాదనలు చదివాక ఈసారి కొనే కంటైనరు ఆటోమేటిక్ గేర్లదే తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. రొయ్యల లోడుతో దారిలో క్లచ్ ప్లేటు కాలితే ఐసు కరిగేది నా సొమ్ముతోనే.

ముమ్మిడివరం కుర్రవాడు:
అందరికీ కృతజ్ఞతలు. క్లచ్ ఆయిల్ చూపించాను, తగ్గే ఉంది. కానీ హై-లో మీట గురించి ఎవరూ చెప్పలేదండీ.

తణుకు గ్యారేజీ:
గేరు రాడ్డు న్యూట్రల్‌లోకి వచ్చాకే గాలి ఒత్తిడితో ఆ మార్పు జరుగుతుంది. అందువల్ల ఐదు నుంచి నాలుగుకు దిగాలనుకుంటే, రాడ్డు కదపకముందే మీటను లోకు మార్చి పెట్టుకుని, న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగి, అప్పుడు నాలుగు వేయండి. నాలుగు నుంచి ఐదుకు పెంచేటప్పుడూ వరస అదే, మీట హైకు. బండి వేగంగా పోతుండగా మాత్రం లోకు మార్చవద్దు, ఆ మీటతో మారే వెనక గేరుబాక్సు దెబ్బతింటుంది. గేర్ల వరస బండిని బట్టి మారుతుంది కాబట్టి రాడ్డు పిడి మీది బొమ్మ చూసుకోండి.

ఇక మీ అసలు బాధకు వస్తే, ఈ బాక్సుల్లో ఒక గేరు దిగితే ఇంజను వేగం ఇంచుమించు మూడో వంతు పెరగాలి. ఏడులో నిమిషానికి 1200 చుట్ల దగ్గర దింపితే ఆరులో 1600 అవుతుంది. ఇంజను వేగం చూపే ముల్లు ఆకుపచ్చ గీత కిందికి జారేదాకా ఆగకుండా, వంతెన ఎత్తు మొదలవగానే దింపేయండి. అప్పటికే వేగం బాగా పడిపోతే ఆరు కోసం పోరాడకుండా నేరుగా ఐదు వేసుకోండి.

పాతలారీ, రాజోలు:
సాధనకు కాలువ గట్ల మీదికి వెళ్ళకు తమ్ముడూ, ఆ గట్టు అంచులు ట్రైలర్ బరువు ఆపవు. డెల్టా అంతా చదునే కాబట్టి వంతెనల దగ్గర తప్ప ఇక్కడ గేరు దించే పని పెద్దగా పడదు. అనుభవమున్న డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని, మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్‌లో ఖాళీ లారీతో పగటిపూట ఒకసారి వెళ్ళిరా. ట్రైలర్‌తో మాత్రం ఆ మలుపుల్లోకి దిగవద్దు. పనిలో పనిగా డబుల్ క్లచ్ కూడా చేసి చూడు, గ్యారేజీ వారు చూడరులే.